తెల్లగా మిగిలిన చోటు

మా అక్క తన కొడుకుని "అన్నయ్యా" అని పిలుస్తుంది. చోడవరంలో మా వీధిలోకి కొత్తగా అద్దెకు వచ్చినవాళ్ళు అది విని మొదట వింతగా చూస్తారు, తర్వాత అలవాటు పడతారు. వాడికి చనిపోయిన మా అన్నయ్య పేరు పెట్టుకున్నాం. అన్నయ్యని పేరుతో పిలవడం అక్కకి ఏనాడూ అలవాటు లేదు, అందుకని కొడుకునీ వరస పెట్టే పిలుస్తుంది. అమ్మ మాత్రం "ఒరే పెద్దోడా" అంటుంది. ఇంట్లో వాడొక్కడే పిల్లాడు. ఎవరికంటే పెద్దోడో వాడికి తెలీదు గానీ పిలిస్తే పలుకుతాడు.

మా వైపు ఇది వింతేమీ కాదు. మామగారి పేరు పెట్టుకున్న కొడుకుని "మావయ్యా" అంటూ ముద్దలు తినిపించే కోడళ్ళు ఊరినిండా ఉన్నారు. నేను నాలుగు ముక్కలు సైన్సు చదివినదాన్ని కాబట్టి మొదట్లో అక్కని ఆటపట్టించేదాన్ని. "అన్నయ్యకి ముడ్డి కడిగేవా?" అని అడిగితే అక్క చీపురు పట్టుకుని వెంటపడేది.

వాడు నడక నేర్చాక మడమలు నేలకి సరిగా ఆన్చేవాడు కాదు. మునివేళ్ళ మీద గెంతుతున్నట్టు నడిచేవాడు. అది చూసి అమ్మ మొహం చేటంత అయింది. "సూడే, మావోడి నడకే! ఆడూ ఇలాగే నడిసేవోడు," అంది. వాడి పిక్కలు వయసుకి మించి గట్టిగా, లావుగా ఉండేవి. అన్నయ్యవీ అంతేనట. వచ్చినవాళ్ళందరికీ అమ్మ వాడి లాగు పైకి లాగి ఆ పిక్కలు చూపించేది. మేనమామ పోలిక వస్తే అదృష్టమని వాళ్ళు దీవించి, కాఫీ తాగి పోయేవారు.

అన్నయ్య పోయేనాటికి నేను చిన్నదాన్ని. మా ఇంట్లో అతని కథ ఒకటే ఉంది. కాలవగట్టు మీంచి జారిపడ్డాడు, కాలు విరిగింది, కట్టు విప్పాక మళ్ళీ నడవలేదు, కొన్నేళ్ళు మంచంలో ఉండి దగ్గుతో పోయాడు. గట్టు మీదకి తీసుకెళ్ళింది నాన్న. ఆ మాట మీద అమ్మా నాన్నా ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు, నాన్న పోయేదాకా. పిల్లాడు అసలెందుకు పడ్డాడని మాత్రం ఎవరూ అడగలేదు.

అక్క కొడుకు ఒకటో తరగతిలోకి వచ్చాక పోలికలు ఇంకా పెరిగాయి. వాడు నేల మీద కూర్చోవడం మానేశాడు. అరుగు చివర, స్తంభం పక్కన కూర్చునేవాడు. అది అన్నయ్య చోటు. ఎవరూ చెప్పకుండానే వాడు అక్కడికే పోయి కూర్చున్నాడని అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పుకునేది. మెట్టెక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఆన్చేవాడు. అదీ అన్నయ్యదేనట. నాకు దయ్యాల మీదా పునర్జన్మల మీదా నమ్మకం లేదు. అయినా మధ్యాహ్నం పూట వీధి తలుపు తీసేసరికి ఆ స్తంభం పక్కన చిన్న వీపు ఒకటి కనిపిస్తే ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం వాడు పెరట్లో ఆడుకుంటూ బోర్లా పడ్డాడు. ఏడవలేదు. లేవడానికి ముందు నాలుగు కాళ్ళ మీదకి వచ్చాడు. తర్వాత పిరుదులు పైకెత్తాడు. ఒక చెయ్యి తీసి ముంగాలి మీద పెట్టాడు, ఆ తర్వాత మోకాలి మీద, తర్వాత తొడ మీద. అలా తన ఒంటిని తానే నిచ్చెన చేసుకుని ఎక్కి నిలబడ్డాడు. అమ్మా అక్కా ఒకేసారి నవ్వారు. "అచ్చం అన్నయ్యే!" అంది అక్క. నిజమే. అన్నయ్య అలా లేవడం నాకూ గుర్తొచ్చింది, అంతవరకూ గుర్తుందని కూడా నాకు తెలియదు. ఎర్రటి ఎండలోనే వాణ్ణి ఇంకోసారి కూర్చుని లేవమన్నాను.

ఎందుకంటే అలా లేవడం నేను మరోచోట కూడా చూశాను. నేను రోజూ బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. కండరాల జబ్బులున్నవాళ్ళ నమూనాలు మా దగ్గరికొస్తాయి. మేడమ్ కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే చూపించే వీడియోలో ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లాడు అచ్చం ఇలాగే లేస్తాడు. అది మునుపటి మనిషి అలవాటు కాదు. తొడల్లో, నడుములో బలం లేక చేతులతో తోసుకుని లేవడం. లావు పిక్కలూ అంతే, మునివేళ్ళ నడకా అంతే. నేల మీంచి లేవడం కష్టం కాబట్టి అరుగు మీద కూర్చోవడమూ అంతే. ఈ జబ్బు తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుంది. అంటే మేనమామలో కనిపిస్తుంది, తర్వాత మేనల్లుడిలో. అమ్మ వేలు పెట్టి చూపించి మురిసిపోయిన ప్రతి పోలికా ఇదే. కారణం తెలిస్తే భయం పోతుందంటారు. నాకు మాత్రం దయ్యమైనా బాగుండుననిపించింది.

విశాఖపట్నంలో డాక్టర్ వాణ్ణి చూసి రక్తం తీయించాడు. జన్యు పరీక్షలో తేలిగ్గా దొరికే తప్పేదీ దొరకలేదు. దాంతో తొడలోంచి చిన్న కండ ముక్క తీశారు. డాక్టర్ అక్కకి విడమరిచి చెప్పాడు. కండలో డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ ఒకటుంటుంది, కండ చిరిగిపోకుండా కాసేది అదే. అది కొంచెమైనా ఉంటే జబ్బు మెల్లగా నడుస్తుంది, వీడు పెద్దవాడై ఉద్యోగానికి కూడా నడిచి వెళ్ళొచ్చు. అసలు లేకపోతే బడి చదువు అవకముందే చక్రాల కుర్చీ, ఆ తర్వాత గుండె, ఊపిరి. ఉందో లేదో మా ల్యాబ్‌లో చూడాలి.

"నీ దగ్గరికే వస్తాదా?" అని అక్క నా చెయ్యి పట్టుకుంది. "అయితే నువ్వే సెయ్యి. పరాయోళ్ళు సేస్తే నాకు నమ్మకం నేదు."

మేడమ్ వద్దన్నారు. సొంతవాళ్ళది చేస్తే చెయ్యి వణుకుతుందన్నారు. నేను మొండికేశాను. చివరికి, చెయ్యడం నేను, చూసి చెప్పడం తను అనే ఒప్పందం మీద సరేనన్నారు.

పని చెప్పుకోవడానికి సులువే. కండని నూరి, కరిగించి, జెల్ అనే పల్చటి జిగురు పలక పైన గుంటల్లో పోసి కరెంటు పెడతాం. చిన్న ప్రొటీన్లు కిందికి పరిగెడతాయి, పెద్దవి పైనే ఆగుతాయి. ఆ తర్వాత జెల్ మీద తెల్లటి పొర ఒకటి ఆనించి, అటూ ఇటూ కాగితాలూ స్పాంజీలూ పెట్టి బిగించి, ద్రావణం ఉన్న తొట్టిలో దించి మళ్ళీ కరెంటు పెడతాం. జెల్‌లో ఉన్నది ఉన్నట్టుగా పొర మీదకి దాటాలి. దాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. చివర్లో డిస్ట్రోఫిన్‌ని మాత్రమే పట్టుకునే మందు పోసి కెమెరా డబ్బాలో పెడితే, అది ఉన్నచోట వెలుగు గీత కనిపిస్తుంది. లేనిచోట ఏమీ కనిపించదు.

చిక్కంతా ఆ "ఏమీ" దగ్గరే ఉంది. డిస్ట్రోఫిన్ చాలా పెద్ద ప్రొటీన్. సందు మలుపులో ఇరుక్కున్న చెరకు ట్రాక్టర్ లాగా అది జెల్‌లోంచి ఒక పట్టాన కదలదు. కదలకపోతే పొర మీద గీత రాదు. మనిషిలో అసలు లేకపోయినా గీత రాదు. రెండు ఖాళీలూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. అందుకే రోగి నమూనా పక్కన జబ్బులేని మనిషి కండ కూడా పెడతాం. దాని గీత వచ్చి, రోగిది రాకపోతేనే లేదని నమ్మాలి.

మొదటిసారి ఎప్పుడూ చేసే పద్ధతిలోనే పెట్టాను. ట్రాన్స్‌ఫర్ అయ్యాక పొరని ఎర్రరంగులో ముంచితే ప్రొటీన్లు అన్నీ లేత గులాబీ చారలుగా తేలాయి. నీళ్ళు పోస్తే ఆ రంగు పోతుంది. తొట్టిలో నీళ్ళు కదిలేకొద్దీ వాడి ఒంట్లోవన్నీ ఒక్కొక్కటే మసకబారి, నా చేతిలో తెల్లటి పొర మిగిలింది. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం నీళ్ళు పారబోయడానికి చేతులు రాలేదు.

కెమెరాలో రెండు చోట్లా ఖాళీ. వాడిదీ లేదు, జబ్బులేని మనిషిదీ లేదు. జెల్‌కి నీలం రంగు వేసి చూస్తే పెద్ద ప్రొటీన్లన్నీ పైఅంచున అలాగే బైఠాయించి ఉన్నాయి. "ట్రాన్స్‌ఫర్ కాలేదు," అన్నారు మేడమ్. నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి, సంతోషంతో.

ఇంటికొచ్చి కుదరలేదని చెప్పాను. అక్క అర్థం కానట్టు చూసింది. "కుదరలేదంటే, ఆడికి అది నేదని కాదు గదా?" "కాదక్కా, యంత్రం దగ్గరే ఆగిపోయింది." ఆ సాయంత్రం అక్క బెల్లం పరమాన్నం వండింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను జెల్‌నీ ద్రావణాన్నీ తిట్టుకుంటూ రెండు గిన్నెలు తిన్నాను.

మా ఊరి చక్కెర ఫ్యాక్టరీలో చెరకు గానుగాట మొదలైన రోజులవి. పొద్దున్నే మంచు, ఆ మంచులో చెరకు మడ్డి వాసన. బస్సు అద్దం తుడిచినా రోడ్డు పక్క చేలు కనిపించేవి కావు. నేను బయల్దేరేముందు వాడు అరుగు మీంచి అడిగాడు.

"పిన్నీ, నా ముక్క అక్కడ ఒక్కత్తే ఉంటాదా?"

"ఒక్కటే ఏటిరా, చాలా ముక్కలున్నాయి. డబ్బాల్లో పెట్టేం."

"దానికి సలేస్తందా?"

చలే. అది ఉండే ఫ్రీజర్ ఐస్ పెట్టెకన్నా ఎన్నో రెట్లు చల్లన, చేతి తొడుగు లేకుండా డబ్బా ముట్టుకుంటే చర్మం అతుక్కుపోతుంది. ఆ సంగతి ఇంట్లో నేనెప్పుడూ చెప్పలేదు. "ఎందుకడిగేవురా?" అన్నాను.

వాడు తొడ మీద కుట్టు మచ్చ చూపించాడు. "నాకు ఇక్కడ సలేస్తంది. ఇక్కడొక్కసోటే."

నేను వంగి ఆ మచ్చ మీద చెయ్యి పెట్టాను. నిజంగానే చల్లగా ఉంది. మంచులో కూర్చున్న పిల్లాడి కాలు చల్లగా ఉండక ఏం చేస్తుందని నన్ను నేను కసురుకుని బస్సెక్కాను. అనకాపల్లి దాటేదాకా ఆ చలి నా అరచేతిలోనే ఉంది.

రెండోసారి పద్ధతి మార్చాను. జెల్ ఇంకా పల్చగా పోశాను, పెద్దవాటికి దారి ఇవ్వడానికి. ద్రావణంలో మిథనాల్ తగ్గించాను, అది ఎక్కువైతే జెల్ ముడుచుకుపోయి పెద్దవాటిని లోపలే బిగించేస్తుంది. ప్రొటీన్ కదలడానికి ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి పొడి చిటికెడు కలిపాను. తొట్టిని చల్లటి గదిలో పెట్టి, కరెంటు బాగా తగ్గించి, తెల్లవార్లూ నడవనిచ్చాను.

ఈసారి కెమెరాలో జబ్బులేని మనిషి గీత వచ్చింది, పలచగా. వాడిది రాలేదు. పొరకి ఎర్రరంగు వేసినప్పుడు తీసిన ఫోటో చూస్తే, వాడి వరసలో, సరిగ్గా డిస్ట్రోఫిన్ ఉండాల్సిన చోట, గుండ్రటి తెల్లటి మచ్చ. మిగతా పొరంతా మసక గులాబీగా ఉంది, అదొక్కటే కడిగిన ముత్యంలా ఉంది. గాలిబుడగ. జెల్‌కీ పొరకీ మధ్య బుడగ చిక్కితే అక్కడ ఏదీ దాటదు. బుడగలు పోవడానికి పొర మీద గాజు కడ్డీ దొర్లిస్తాం. నేను దొర్లించాను, ఒకటికి నాలుగుసార్లు. అంత పెద్ద పొర మీద అదొక్కటే మిగిలింది, వాడి వరసలోనే, ఆ ఎత్తులోనే.

మేడమ్ కళ్ళజోడు తీసి నా వంక చూశారు. నన్ను అనుమానించారో, జాలిపడ్డారో తెలియదు. నాకే నా మీద అనుమానం వేసింది. నేను చూస్తూ చూస్తూ వదిలానా? లేక నాకు తెలియకుండా నా చెయ్యే వదిలిందా? ఆ తెల్లటి మచ్చని చాలాసేపు చూశాను. ఎవరో లోపలి నుంచి వేలు పెట్టి అద్దం మీద ఆవిరి తుడిచినట్టుంది. తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి కూడా చూశాను. పట్టపగలు, చుట్టూ ట్యూబులైట్లు.

"ఇయ్యాల కూడా కుదరలేదా?" అని వీధి చివరే ఎదురొచ్చింది అక్క. కుదరలేదన్నాను. దాని మొహం వెలిగింది. దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ యంత్రం ఎప్పటికీ కుదరకుండా చూడమని మొక్కుకుంటోందని అమ్మ నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు. నేనూ లోపల అదే మొక్కుతున్నాను. పరీక్ష కుదరనంత కాలం వాడికి జబ్బు లేదు. వాడు మునివేళ్ళ మీద నడుస్తాడు, మేనమామ పోలికతో అదృష్టవంతుడై ఉంటాడు.

కానీ కండ ముక్క అయిపోవచ్చింది. ఇంకొక్కసారికే సరిపోతుంది. మళ్ళీ కొయ్యాలంటే వాణ్ణి మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టాలి. ఆ ఆలోచన రాగానే నాకు కోపం వచ్చింది, నా మీద, అక్క మీద, ఆ దీపం మీద. పిల్లాడికి ఏముందో తెలిస్తే ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలో, గుండె ఎప్పుడు చూపించాలో తెలుస్తుంది. మేమిద్దరం మా భయానికి వాడి ఒళ్ళు కోయిస్తామా?

మూడోసారి ద్రావణం కొత్తగా కలిపి ముందే చల్లబరిచాను. స్పాంజీలు పాతవై పట్టు తగ్గితే పొర జెల్‌కి సరిగా ఆనదు, అందుకని కొత్తవి తీశాను. బిగింపు మొత్తం ద్రావణంలో మునిగి ఉండగానే పేర్చాను, గాలికి సందివ్వకుండా. కడ్డీ దొర్లించాక మేడమ్‌ని పిలిచి చూపించాను. ఆవిడ వెలుతురు కింద పెట్టి చూసి తలూపారు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం కెమెరా తెర ముందు కూర్చున్నాం. తెర నల్లగా ఉంది. ముందు జబ్బులేని మనిషి గీత తేలింది, స్పష్టంగా, తెల్లగా, అంత మంచి గీత నేనెప్పుడూ తీయలేదు. దాని పక్కన నలుపు. ఇంకాస్త సేపు వెలుగు పోగవనివ్వమన్నాను. మేడమ్ అవనిచ్చారు. జబ్బులేని మనిషి గీత కళ్ళు చెదిరేలా పెరిగింది. పక్కన నలుపే. దింపుడు కళ్ళం ఆశ అంటారు కదా, ఇంకా కాసేపు, ఇంకా కాసేపు అని అడుగుతూనే ఉన్నాను. ఆవిడ విసుక్కోకుండా అడిగినంతసేపూ అవనిచ్చారు. ఆఖరికి తెరంతా బూడిదరంగైపోయింది. వాడి చోటు మాత్రం మారలేదు.

రెండు నమూనాలూ సమానంగా పోశామో లేదో చూసే ఇంకో ప్రొటీన్ గీత ఇద్దరికీ ఒక్కలాగే వచ్చింది. బుడగ లేదు. జెల్‌లో ఏమీ మిగల్లేదు. ఉన్నవన్నీ దాటాయి. తప్పు వెతకడానికి నాకు చోటే మిగల్లేదు. ఇంటికెళ్ళమన్నారు మేడమ్.

బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. అక్క బస్టాండ్‌కే వచ్చేసింది. దగ్గరికొచ్చి నా మొహం చూసి తనే ముందు మాట్లాడింది, నవ్వు తెచ్చుకుని.

"ఇయ్యాలా కుదర్లేదు గదా? పోన్లేవే. మళ్ళీ సేద్దూగాని."

నేను సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"కుదిరిందక్కా."

అక్క నవ్వు అలాగే ఉంది, దాన్ని తియ్యడం మర్చిపోయినట్టు. పక్కనుంచి ఆటోవాళ్ళు అనకాపల్లి, అనకాపల్లి అని అరుస్తున్నారు.

"నువ్వు సరిగ్గానే సేసేవా? ఎక్కడా తప్పు పోనేదా?"

"సరిగ్గా చేసేనక్కా," అన్నాను. "ఇంత బాగా ఎప్పుడూ రానేదు."